జర్రా నేల

అమెరికాలోని అరోరాలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్ ఎంత చలిలో వచ్చినా గుమ్మం దగ్గరే బూట్లతోపాటు సాక్సులూ విప్పేసేవారు. ఆ ఇంటి నేలంతా ఆయన ముచ్చటపడి ఆస్ట్రేలియా నుంచి తెప్పించి వేయించిన జర్రా కలప. అదీ జామాయిల్ జాతి చెట్టేనంటే నేను నమ్మలేదు. మా ఖమ్మం వైపు జామాయిల్ కర్ర కాగితం మిల్లుకు పోతుంది. ఇదేమో ముదురెరుపులో మెరుస్తోంది.

"ఇంత మంచి చెక్క మీద సాక్సులతో నడుస్తారా ఎవరన్నా?" అనేవారు.

అప్పుడే పుట్టిన మా పాపను హాస్పిటల్ నుంచి తెచ్చిన రోజు ఆయనా చూడ్డానికొచ్చారు. మా అత్తగారు గుమ్మంలో దిష్టి తీస్తుంటే పళ్లెం జారి, పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లన్నీ ఆ నేల మీద ఒలికిపోయాయి. పసుపు మరక ఒక పట్టాన పోదు. మా ఆవిడ ముఖం పాలిపోయింది.

"సారీ అంకుల్..."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని టవల్‌తో తుడిచారు. దూడ వీపు నిమిరినట్టు అరచేత్తో నిమిరి చూశారు. ఆ ఎరుపులో మరక ఎక్కడా కనిపించలేదు.

"టెన్షన్ పడకమ్మా, దీని కలరే అది!"

ఆయన లేచి, పాప కాళ్లకున్న బుల్లి సాక్సుల వంక చూశారు.

"నడక వచ్చాక మాత్రం ఇవి వెయ్యకండి."

వెయ్యలేదు. పాప మొదటి అడుగు ఆ నేల మీదే పడింది, వట్టి పాదంతో.