తిన్నగా కనబడిన స్టీరింగ్

ధరూర్ పక్క పల్లెలో బాలస్వామిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ 'డ్రైవర్ సాబ్'. పన్నెండేళ్లు పుణెలో ఇసుక తట్టలు మోసి, నడుము పాడై ఊరికొచ్చిన మనిషి. ముప్ఫై అయిదేళ్లప్పుడు డ్రైవింగ్ నేర్చుకుని శివశంకర్ జీపుకు డ్రైవరయ్యాడు. పత్తి ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్లను పొద్దున్నే చేలకు చేర్చడం, సాయంత్రం ఇళ్లకు తేవడం అతని పని. వాళ్లలో అతని భార్య సత్యమ్మ కూడా ఉంది. ఎనిమిదేళ్లలో బండికి ఒక్క గీత పడలేదని అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

అలాంటివాడు ఒక శనివారం పెబ్బేరు సంత దగ్గర, పలుపు తెంచుకొచ్చిన ఎద్దును తప్పించబోయి ఎడమ చక్రాన్ని ఫుట్‌పాత్ అంచురాయికి గుద్దాడు. సొట్ట పడలేదు. కానీ బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం పక్కకు తిరిగి ఉంది. యజమాని కంటపడితే మళ్లీ పుణె, మళ్లీ తట్ట. బాలస్వామి పానాతో నట్టు విప్పి, స్టీరింగ్ ఊడదీసి, తిన్నగా కనబడేలా పెట్టి బిగించేశాడు. తెలివంటే తెలివే మరి!

కానీ లోపలి దెబ్బ అలాగే ఉంది. మర్నాటి నుంచి బండి ఎడమకు లాగసాగింది. చేలకు దారి కాలువ కట్ట మీదుగా, ఎడమ పక్కన నిండా నీళ్లు. రెండు చేతులా బిగపట్టి కుడికి లాక్కుంటూ నడిపాడు. వెనక ఆడవాళ్లు నవ్వుకుంటుంటే అతనికి ఏడుపొచ్చేది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే వీళ్ల ప్రాణాలు.

"ఏందయ్యా, భుజం గింత గట్టిగైంది?" అంది సత్యమ్మ, నూనె రాస్తూ.

"ఏం లేదు. నరం పట్టింది."

వారం తిరిగేసరికి టైరు లోపలి అంచు అరిగిపోయింది. అది చూసి శివశంకరే బండిని గద్వాలలో మెకానిక్ నాగన్న షెడ్డుకు తెచ్చాడు, బాలస్వామిని వెంటబెట్టుకుని. నాగన్న మగ్గాలవాళ్ల ఇంటి బిడ్డ. చక్రాల వరస చూడటానికి ఇప్పటికీ మగ్గం నూలే వాడతాడు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం బిగించి కట్టాడు. టైరు ముందంచు దారాన్ని బయటికి నెట్టింది. వెనకంచు దగ్గర రెండు వేళ్లు దూరే సందు. చక్రం వంకరగా ఉంది.

"ఏడన్న గుద్దిండ్రా?" అన్నాడు నాగన్న.

"మా బాలస్వామి గుద్దుడేంది!" శివశంకర్ నవ్వాడు. "స్టీరింగ్ చూడు, ఎంత సీదాగున్నదో. టైరే నాసిరకం."

నాగన్న స్టీరింగ్ మీది మూత తీసి, నట్టు మీద పానా గీతలు చూశాడు. తర్వాత బాలస్వామి మొహం చూశాడు. మూత పెట్టేశాడు.

"చక్రాన్ని తిప్పే రాడ్ వంగింది. ఇరిగితే బండి మాట ఇనదు," అన్నాడు.

"ఎల్లుండి చేద్దాం. రేపొక్క దినం నడిపిస్తడు. బాలస్వామి చేతుల బండి ఉంటే నాకు భయం లేదు," అన్నాడు శివశంకర్.

రేపొక్క దినం. కాలువ కట్ట. ముందు సీట్లో సత్యమ్మ.

"నేనే గుద్దిన అన్నా," అన్నాడు బాలస్వామి. "స్టీరింగ్ గూడ నేనే ఇప్పి మర్లబెట్టిన. రేపు బండి తియ్యొద్దు."

శివశంకర్ స్టీరింగ్ వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. బాలస్వామి అందులో తాళంచెవి పెట్టాడు.

రాడ్ మార్చాక బండి కొత్త డ్రైవర్‌తో వచ్చింది. బాలస్వామి పత్తి ఏరడానికి సంచి భుజాన వేసుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. సత్యమ్మ ముందు సీటు దిగి వెనక్కొచ్చి, పక్కన చోటిచ్చింది.

"కూసో," అంది.

కాలువ కట్ట మీద బండి తిన్నగా పోతోంది. ఒళ్లో బాలస్వామి చేతులు మాత్రం బిగుసుకుని ఇంకా కుడికి లాగుతూనే ఉన్నాయి.