గ్రహణం వేళ గడియ పెట్టని తలుపు

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకుని, ఫోను చేత్తో పట్టుకుని, ఏదో చెప్పబోతున్న నన్ను వేలు చూపించి ఆపి, నా చెయ్యి లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది. దానికి ఏడో నెల దాటింది. దాని తల్లి, అంటే మా పెద్దమ్మాయి, రామచంద్రపురంలో టీచరు. రాజమండ్రిలో అయితే ఆసుపత్రి దగ్గరని పిల్లని నా దగ్గర ఉంచింది. రోజూ ఒక వేళకి కుదురుగా పడుకుని బిడ్డ కదలికలు గమనించుకోమని డాక్టరమ్మ చెప్పిందట, అందుకని లోపల కదిలినప్పుడల్లా ఇది ఫోను మీద నొక్కుతూ ఉంటుంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కాసేపటికి నా అరచేతిని లోపలినుంచి ఏదో మెల్లగా తోసి, కాస్త ఆగి, బద్ధకంగా దొర్లి అవతలి పక్కకి పోయింది.

“అమ్మమ్మా, చూశావా, నిన్నే పలకరించింది!” అంది మనవరాలు.

ముగ్గుర్ని కన్నదాన్ని, డెబ్బై దాటినదాన్ని, ఇది నాకు కొత్తా? అయినా ఒళ్ళు జల్లుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీని తల్లి నా కడుపులో ఉన్నప్పుడు సరిగ్గా ఇలాగే దొర్లేది.

అప్పట్లో మేం ధవళేశ్వరంలో ఉండేవాళ్ళం. మా వారికి బ్యారేజీ మీద డ్యూటీ, నేను కాలువల ఆఫీసులో టైపిస్టుని. మొదటి కదలిక నాకు ఆఫీసులోనే తెలిసింది, తెలిసిందనడం కూడా గొప్పే, ఎందుకంటే పొద్దున్న తిన్న పెసరట్టు అరగలేదేమో అనుకున్నాను. గుప్పిట్లో పట్టుకున్న చేపపిల్ల తోక ఆడించినట్టు చిన్న అదురు, అంతే. మర్నాడు మళ్ళీ అదే చోట, మళ్ళీ అంతే. అప్పుడు బుర్రకి తట్టింది, ఇది పెసరట్టు కాదు మహాతల్లీ, మనిషి అని! చుట్టూ గుమాస్తాలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు, కిటికీ అవతల కాలువ తన మానాన తను పోతోంది, ఇంత పెద్ద సంగతి జరిగితే ఒక్కళ్ళకీ తెలియదే అని నాకు ఆశ్చర్యం.

మన కాలం వాళ్ళకి టైపు మిషను సంగతి చెప్పక్కర్లేదు. వరస చివరికి వచ్చేసరికి టింగుమని గంట కొడుతుంది, అప్పుడు చేత్తో మిషను పైభాగాన్ని వెనక్కి తోసి కొత్త వరస మొదలుపెట్టాలి. నెలలు గడిచేకొద్దీ మా పిల్ల ఆ గంటకి అలవాటు పడింది. మధ్యాహ్నం కాఫీ తాగి వచ్చి కూర్చుంటే చాలు, గంట మోగడం, లోపలినుంచి ఒక తోపు. మళ్ళీ మోగడం, మళ్ళీ తోపు. ఇద్దరం కలిసి పనిచేస్తున్నట్టే ఉండేది, జీతం మాత్రం ఒక్కరికే. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాక గంట లేకపోయినా ఆ వేళకి తను డ్యూటీ ఎక్కేది. పొద్దున్న లేస్తూనే ఒకసారి ఒళ్ళు విరుచుకునేది, నేను నడుం వాల్చగానే ఆటలు మొదలు. పుట్టకముందే ఒక మనిషి అలవాట్లన్నీ నాకు తెలిసిపోవడం ఏమిటో, ఆ మనిషి మొహం మాత్రం తెలియకపోవడం ఏమిటో, తలుచుకుంటే ఇప్పటికీ వింతే.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ మాటకి ఇంట్లో తిరుగు లేదు, ఆచారానికి ఆవిడ దగ్గర మినహాయింపు లేదు. నాకు నెలలు నిండుతున్న రోజుల్లో పట్టపగలు సూర్యగ్రహణం వచ్చింది. ఆవిడకి ఆ వారమంతా నిద్ర లేదు. వాళ్ళ పుట్టింటి వైపు ఒక పిల్లాడు గ్రహణం మొర్రితో పుట్టి, పాలు పట్టక పోయాడట, ఆ భయం ఆవిడ మనసులోంచి ఎన్నడూ పోలేదు. ఆ రోజు పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, గడియ బిగించి, నన్ను నట్టింట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కాలు ముడవకూడదు, గోక్కోకూడదు, పచ్చి మంచినీళ్ళు తాగకూడదు. ఆవిడ నా తల దగ్గర కూర్చుని జపం మొదలుపెట్టింది.

చీకట్లో చెయ్యడానికి ఏ పనీ లేక, నేను మా పిల్లకోసం చూడడం మొదలుపెట్టాను. పొద్దున్నుంచీ ఇంట్లో హడావిడి, వంట గిన్నెలు ముందుగా కడగడం, తలస్నానం, దాని ధ్యాసే పట్టలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, లేచినప్పటి ఒళ్ళు విరుపు లేదు. నడుం వాల్చినా ఆటల్లేవు. కాఫీ వేళ వచ్చి పోయింది, తోపు లేదు. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కాను, మెల్లగా తట్టాను, బతిమాలుకున్నాను. అయినా కదలిక లేదు.

అత్తగారికి చెప్తే, ఉపవాసం కదా, బిడ్డా నీరసపడి పడుకుని ఉంటుంది, పైగా నెలలు నిండాక లోపల చోటు చాలక కదలరు, విడుపయ్యాక ఇంత తింటే అదే లేస్తుందిలే అంది. మన ఇళ్ళలో అందరూ అనే మాటే. అప్పటిదాకా నేనూ నమ్మిన మాటే. కానీ నా పిల్ల నాకు తెలుసు. ఎప్పుడూ ఎదురు చెప్పనిదాన్ని, “కాదండీ అత్తయ్యగారూ, ఇది నిద్ర కాదండీ, నాకు భయమేస్తోందండీ” అని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆవిడ జపం ఆపింది. నా పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది. ఆ తర్వాత ఆవిడ లేచి, తనే వేసిన గడియ తనే తీసింది.

“లే అమ్మా, లే. పెదవికైతే కుట్టు వేయించొచ్చు. ప్రాణానికి ఎవడేస్తాడే కుట్టు?”

మా వారు బ్యారేజీ మీద డ్యూటీలో ఉన్నారు. పక్క వాటాలో ఉండే కుటుంబం చర్చికి వెళ్ళేవాళ్ళు, గ్రహణం పట్టింపు లేదు. ఆయన ఆఫీసు జీపు డ్రైవరు, ఆవిడ బళ్ళో టీచరు. మా అత్తగారు వీధిలోకి రావడం చూసి ఆయన, “అయ్య బాబోయ్, గ్రహణమండి పెద్దమ్మగారూ!” అన్నాడు, సంగతి తెలిసిన మరుక్షణం జీపు బయటికి తీశాడు. టీచరమ్మగారూ మాతో ఎక్కింది. రాజమండ్రి రోడ్డు మీద పురుగు లేదు. ఎండ ఎండలా లేదు, మసక పసుపు నీళ్ళు పోసినట్టుంది. గోదావరి మీద పక్షులు సాయంత్రమైందనుకుని గూళ్ళకి పోతున్నాయి. దారి పొడుగునా మా అత్తగారు తన కొంగు నా పొట్ట మీద కప్పి, రెండు చేతులూ దానిమీద అడ్డం పెట్టి, ఆ సూర్యుడికి కనపడకుండా వంగి కూర్చుంది. నమ్మకం ఇసుమంత కూడా సడలలేదు ఆవిడకి. అంత నమ్మకంతోనే బయలుదేరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, మొహం మార్చుకుని, వెంటనే ఆపరేషనంది. బొడ్డుతాడు మెడకి చుట్టుకుని ఉందట, విడుపు దాకా ఆగితే పిల్ల దక్కేది కాదట. నాకు మత్తిచ్చారు కాబట్టి తర్వాతిది టీచరమ్మగారు చెప్పగా విన్నదే: నర్సు పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చి ఇస్తే, మా అత్తగారు ఆడో మగో కూడా అడగకుండా, చూపుడు వేలితో పై పెదవిని ఈ చివరినుంచి ఆ చివరికి నిమిరి చూసి, అక్కడే నేలమీద కూలబడి ఏడ్చిందట. బయట గ్రహణం ఇంకా విడవలేదు.

కదలిక తగ్గిందనిపిస్తే గ్రహణమనీ పండగనీ చూడకుండా వచ్చేయాలని, నెలలు నిండినా బిడ్డ కదలడం మానదని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లని మా అత్తగారు మా వీధిలో కడుపుతో ఉన్న ప్రతి పిల్లకీ పంచిపెట్టింది. ఆచారం మాత్రం మానలేదు సుమండీ! బతికినన్నాళ్ళూ ప్రతి గ్రహణానికీ దర్భలు వేసింది, దుప్పట్లు కట్టింది, జపం చేసింది. ఇంట్లో చూలాలు ఉంటే మాత్రం తలుపు దగ్గరగా వేసేదే గానీ గడియ పెట్టేది కాదు.

టైపు మిషన్లు పోయాయి, ఆ గంట వినాలన్నా ఇప్పుడెక్కడ వింటాం. మా మనవరాలు పుట్టబోయే బిడ్డ మొహం ఇప్పటికే స్కానులో చూసేసింది, ముక్కు ఎవరిదని మేమూ వియ్యాలవారూ రెండు పక్షాలుగా పోట్లాడుకుంటున్నాం. మాకు లోపలినుంచి వచ్చే కబురు ఆ తోపు ఒక్కటే, దాన్నే నమ్ముకుని, దాన్నే చదువుకుని కన్నాం. ఇన్ని వచ్చినా డాక్టర్లు చివరికి మళ్ళీ ఆ కబురే కనిపెట్టుకోమంటున్నారంటే, నాకు ఎందుకో గర్వంగా ఉంటుంది. మా అత్తగారు ఉంటే బావుండునని కూడా ఉంటుంది.

వచ్చే వారం గ్రహణమట. మనవరాలు నవ్వుతోంది, నన్ను చాప మీద పడుకోబెడతావా అమ్మమ్మా అని. పడుకోబెడతాను, ఎడమ పక్కకి తిప్పి. అడిగినప్పుడల్లా మంచినీళ్ళూ ఇస్తాను. అత్తగారి మాట కాబట్టి తలుపు కూడా దగ్గరగా వేస్తాను. గడియ మాత్రం పెట్టను.