తుడపొద్దన్న మనవరాలు

శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున పదీ నలభై. నిమిషంతో సహా చెప్పగలుగుతున్నానంటే, నా ఫోనుకు వచ్చిన ఫోటో బొమ్మ కింద టైము కూడా పడి ఉంది కాబట్టి. నగరిలో మా ఇంట్లో కరెంటు పోయి రెండు మరమగ్గాలూ ఆగి ఉన్నాయి. లేకుంటే ఫోను మోగిన సంగతే వినపడేది కాదు.

ఎవరిదో తెలియని నంబరు. బొమ్మలో నా మనవరాలు, ఒంటి మీద బట్ట సరిగా లేకుండా. కింద రెండు వరుసల రాత. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, ఆ పిల్ల దగ్గరే. కూడబలుక్కుని చదివాను. 'నీ మనవరాలు మళ్ళీ నాతో మాట్లాడకుంటే రేపు ఇది ఊరందరికీ పోతుంది.' ఈ ముక్క చదవడానికా నేను చదువు నేర్చింది అనిపించింది.

అంతలో తిరుపతి హాస్టల్ నుంచి మనవరాలే ఫోను చేసింది.

"అవ్వా, నీకేమన్నా బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది. ఈ ఫోను రోట్లో ఏసి దంచబోతా ఉండాను."

"దంచొద్దు. ఒక్క అక్షరం గూడా తుడపొద్దు. బస్సెక్కతా ఉండాను."

తుడపడం నాకు ఎలాగూ రాదు. ఆ సంగతి దానికి చెప్పలేదు.

మధ్యాహ్నం రెండుకల్లా ఇల్లు చేరింది. కాలేజీలో గూడూరు కుర్రాడొకడితో స్నేహమైందనీ, వాడి అనుమానాలు భరించలేక ఆరు నెలల కిందట మానుకున్నాననీ, అప్పటి నుంచి బెదిరిస్తున్నాడనీ నిలబడే చెప్పింది. వాళ్ళ నాయనకూ, అంటే నా కొడుక్కూ, అదే బొమ్మ వచ్చింది.

"నేను సూడనే లేదు తల్లీ. రాంగానే తుడిచేసినాను. ఇంక ఎవరికీ తెలీదు" అన్నాడు వాడు, ఏదో మేలు చేసినట్టు.

"పంపినోడికి తెలుసు గదా నాయనా."

కోడలు ఏడుపు ఆపి లేచింది. "ఎందుకు తీయించుకున్నావే? రేపు మొకమెట్లా సూపిస్తావు?"

"ఇప్పుడు సూపిస్తానే ఉండాను గదమ్మా. నమ్మి తీయించుకున్నాను, అది నా తెలివితక్కువ. బెదిరించేది వాడి నేరం. రెండిటినీ ఒక మూట కట్టొద్దు."

నాకు సిగ్గేసింది. మగ్గం నుంచి గుడ్డ మీద నూనె మరక పడితే వెంటనే ఉతకొద్దని పనివాళ్ళకు నలభై ఏళ్ళుగా చెబుతున్నదాన్ని నేను. ఉతికేస్తే ఏ మగ్గం కారుతోందో తెలియదు. మరక పక్కన అంచుకు ఎర్రదారం కట్టి, మేస్త్రీ చూసేదాకా అలాగే ఉంచాలి. గుడ్డ విషయంలో ఇంత తెలిసినదాన్ని, పిల్ల విషయానికి వచ్చేసరికి రోకలి వెతికాను. నా కొడుకూ అంతే. మగ్గం మీద పెరిగినవాడు, మరక కనపడగానే ఉతికి పారేశాడు.

నలుగురం పోలీసు స్టేషనుకు పోయాం. బల్ల దగ్గరున్న పెద్దాయన, "అబ్బోడు గూడూరోడు, పాప సదివేది తిరపతి. ఈడికెందుకు వచ్చినారు? గూడూరికి పోండి" అన్నాడు.

నా కొడుకు అప్పటికే వెనక్కు తిరిగాడు. మనవరాలు కదల్లేదు.

"యాడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాల సార్. రాసుకొని మీరే ఆడికి పంపాల. కాదంటే కాదని రాసియ్యండి."

ఆ మాట విని లోపలి గదిలోంచి ఆడ ఎస్సై బయటికి వచ్చింది. ఇలాంటి కేసులో ఆడపిల్ల మాట ఆడ అధికారే రాసుకోవాలట. కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పించుకుంది.

నా కొడుకు అడిగాడు. "పాపే ఒప్పుకొని తీయించుకుంది మేడం. కేసు నిలబడతాదా?"

"తీసేదానికి ఒప్పుకుంటే పంపేదానికి ఒప్పుకున్నట్టు గాదప్పా. చట్టంలోనే ఉండాది ఆ మాట. మీకు వచ్చింది యాడ, చూపించండి."

వాడు తల దించాడు. "తుడిచేసినాను మేడం."

"సదువుకున్న కొడుకు తుడిచినాడు, పెద్దామె దాచి పెట్టింది" అంటూ ఆమె నా ఫోను అందుకుంది. ఆ పొగడ్త మనవరాలిదని నాకు తెలుసు.

ఇంటి మాట ఇంట్లోనే దాచమని దానికి చిన్నప్పుడు నేర్పింది నేనే. అది నా మాట వినలేదు. విని ఉంటే ఆ గూడూరు కుర్రాడు దాన్ని ఎన్నేళ్ళు ఆడించేవాడో.

చీకటి పడకముందే గూడూరులో వాడి ఇంటికి పోలీసులు వెళ్ళి ఫోను పట్టుకున్నారు. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది, ఎవరికీ బొమ్మ పోలేదు. కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. వాయిదాకు ఆ పిల్ల తల ఎత్తుకునే పోతుంది.

పేర్లు రాయను. ఆ రోజు స్టేషను గదిలో ఉన్నవాళ్ళు మాత్రం వీళ్ళు. తుడిచేశానని నలుగురిలో ఒప్పుకున్న నా కొడుకు. కొంగు నోట్లో కుక్కుకుని, చివరికి కూతురి వెనక నిలబడిన నా కోడలు. గూడూరు పొమ్మని, తర్వాత కుర్చీ తెచ్చి వేసిన పెద్దాయన. ప్రతి మాటా రాసి మళ్ళీ చదివి వినిపించిన ఎస్సైమ్మ. వేలిముద్ర వద్దని కలం అడిగి సంతకం పెట్టిన నేను. అందరికంటే ముందు సంతకం పెట్టిన నా మనవరాలు.