అత్త పలకని పేరు

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో కూర్చుని ఉంది. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. బడిలో అందరం తమిళమే చదివాం. పెళ్లికి ముందు తిరుపతిలో రెండేళ్లు పని చేసినప్పుడు నేను ఈ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. చూశారా, తప్పు ఒప్పుకోవడంలోనూ నాకు ఎంత తెలివో.

మాది మేట్టుపాళయం పక్కన పల్లె. మా అత్తకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. కోయంబత్తూరు ఆస్పత్రిలో డయాలిసిస్ మొదలుపెట్టాలన్నారు. అత్త వద్దంది. కోపంగా కాదు, అంగట్లో నచ్చని చీర వద్దన్నంత తేలిగ్గా. మిషను పెట్టుకోకపోతే ఎక్కువ కాలం ఉండనని తెలుసనీ, ఉన్నన్నాళ్లు ఇంట్లో నచ్చింది తిని పోతాననీ చెప్పింది. ఇంతకంటే తెలిసి చెప్పడం ఎలా ఉంటుంది?

డాక్టర్ చిన్నవాడు, మంచివాడు, పట్నంలో పెరిగినవాడు. కిడ్నీలు చెడి రక్తంలో ఉప్పు, అంటే యూరియా, పెరిగితే కొందరికి మతి తడబడుతుందట. వద్దంటున్నది అత్తా, ఆ ఉప్పా అని తేల్చుకోవడానికి కొన్ని ప్రశ్నలు వేశాడు. ఈరోజు ఏ వారం? చెప్పింది. ఇది ఏ ఊరు? చెప్పింది, ఇక్కడ కాఫీ బాగాలేదని కూడా చెప్పింది. మీ ఆయన పేరేమిటి?

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ పోయి పదేళ్లయినా ఆ పేరు ఆమె నోట రాదు. మావాళ్లలో పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు, పక్కనున్నవాళ్లు చెప్పాలి. రేషన్ షాపులో, బ్యాంకులో ఆ పని నాదే. అలవాటుగా నా వైపు తిరిగి గడ్డం ఎగరేసింది, నువ్వు చెప్పు అన్నట్టు. డాక్టర్ మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ నవ్వి నన్నే చూసింది.

నేను నేల చూశాను.

నా భర్త మందుల కోసం కిందికి వెళ్లాడు. ఉండి ఉంటే చెప్పేసేవాడు. డాక్టర్ ఏదో రాసుకుని, ఆమె తెలిసి చెప్పే స్థితిలో లేదు, ఇంట్లోవాళ్లే నిర్ణయించాలి అన్నాడు. సాయంత్రానికి నా భర్త సంతకం పెట్టాడు.

ప్రేమతో చేశానా? అవును. ప్రేమ ఒక్కటేనా? పంతొమ్మిదేళ్లకు ఆ ఇంటికి కోడలిగా వచ్చాను, అక్కడ నన్ను నవ్వించిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె లేని వంటిల్లు తలచుకుంటేనే నాకు భయమేసింది. భయం నాది. సూదులు ఆమె చేతికి గుచ్చారు.

మూడేళ్లు బతికింది. ఎంత బాగా బతికిందనుకున్నారు! డయాలిసిస్‌కు వారానికి రెండుసార్లు కోయంబత్తూరు గాంధీపురం బస్సు, కిటికీ సీటు కోసం కండక్టరుతో పోట్లాట. వార్డులో పక్కమంచాలవాళ్లకు రెండు పెళ్లి సంబంధాలు కుదిర్చింది. తినకూడదన్న అరటిపండు కొంగులో దాచి, దొరికిపోయి, కోవెల ప్రసాదమని బొంకింది. నా కూతురికి చెవులు కుట్టిన రోజు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ కొత్త డాక్టర్ ఎవరు వచ్చినా ఫైలు తిరగేసి, ఆమెను వదిలి నన్ను అడిగేవాడు.

ఒకరోజు తిరుగు బస్సులో అత్త నా మోచేయి పొడిచింది.

“ఏమి అమ్మణీ, ఒళ్లు నాది, అందరూ నిన్నే అడగతారు. నాకేమన్నా పైత్యమా?”

“అట్లంతా లేదత్తా. వాళ్లకు తెలుగు రాదు గదా.”

“నేను అరవంలోనే గదా మాట్లాడతాను,” అని నవ్వింది. “సరి, ఈతూరి నన్నే అడగమని చెప్పు.”

చెప్తానన్నాను. చెప్పలేదు. అది చెబితే మొదటిదీ చెప్పాలి కదా.

ఆ తర్వాత ఏడాదికి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. చివరిదాకా ఆమెను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈసారి సరే అనేదేమో, ఆ బస్సూ ఆ వార్డూ ఆమెకు అంత ఇష్టమయ్యాయి. లేదా మళ్లీ వద్దనేదేమో. నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే. మా అత్తకు మతి చెడలేదు, తెలిసే వద్దంది. అమ్మయ్య, రాసేశాను.