గోడ మీది రెండు వరుసలు

మేము లక్సెట్టిపేటలో ఉండగా, పుట్టింటికి వచ్చిన మా అక్కకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాక మతి చెదిరింది; పిల్లలను బావ తన ఊరికి తీసుకుపోయాడు. పులుపు మతికి చేటని అవ్వ పులిసిన జొన్న అంబలి మానిపించింది; అప్పటి నుంచి అక్కకు మలబద్ధకం పట్టుకుంది.

నేను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేవాణ్ణి. అక్కకు కడుపు కదిలి విరేచనం సాఫీగా అయిన రోజులు పై వరుసలో, అక్క మమ్మల్ని గుర్తుపట్టిన రోజులు కింది వరుసలో. కడుపు వరసగా రెండు రోజులు కదిలితే మూడో రోజు ఆమె గుర్తుపట్టేది. ఐదుసార్లలో నాలుగుసార్లు అట్లా జరిగింది.

అవ్వను బతిమాలి అంబలి మళ్లీ పోయించాను. రెండు రోజులు కడుపు కదిలింది. మూడో రోజు పొద్దున బావ భూతవైద్యుణ్ణి తెచ్చాడు. వాత పెట్టడానికి పసుపు కొమ్ము నిప్పుల్లో కాలుతోంది.

"బావా, జర ఆగు. గోడ చూడు."

"నీ లెక్కలు దయ్యానికి చూపెట్టు, బామ్మర్దీ."

"దయ్యమైతే కడుపు చూసుకొని వస్తదా?"

బావ వాత కోసం అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పొద్దుటి నుంచి ఎవరినీ గుర్తుపట్టలేదు. తప్పిన ఆ ఒక్కసారే నా కళ్ల ముందు మెదిలింది.

అక్క బావ మొహంలోకి చూసింది. "పిల్లలను ఎవల దగ్గర ఇడిసిపెట్టి వచ్చినవ్?" అంది.

కడుపుకూ మతికీ లంకె ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. బావ మాత్రం చెంబెడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద పోశాడు.