గోదావరి అవతల తాళంచెవి

ఆ పొద్దున గోదావరి దాటించే పంటు మీద నా పక్కన నిలబడ్డ పెద్దాయన నడుముకు ఒక ఇత్తడి తాళంచెవి వేలాడుతోంది. పంటు ఊగినప్పుడల్లా ఆయన దాన్ని తడిమి చూసుకుంటున్నారు.

నరసాపురం లేసు చూడాలని, గోదావరి దాటి వెళ్ళి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. చివరికి ఆఫీసు పనే పంపించింది. రాజమండ్రిలో భద్రతా సర్వేలు చేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. మా ట్యాబ్‌లో భవనం పటం ఉంటుంది. ప్రతి తలుపు దగ్గరా, కెమెరా దగ్గరా నిలబడి ప్రశ్నలకు జవాబిస్తే పటం మీద ఆకుపచ్చ చుక్కో ఎర్ర చుక్కో పడుతుంది. ఆరింటి బస్సులో బయల్దేరి, రావులపాలెంలో మారి, రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవు చేరేసరికి తొమ్మిది దాటింది. బస్సులకు రెండు వందలు ఉంచుకుంటే చాలు. పంటుకు చిల్లర సరిపోతుంది.

నరసాపురం ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళలో అల్లిన లేసు నేను సర్వే చేయాల్సిన కంపెనీకి చేరుతుంది. వెనక హాల్లో ఉతికి, ఇస్త్రీ చేసి, కట్టలు కడతారు. మేనేజరు ప్రసాద్ గారు వాకిట్లోనే ఎదురొచ్చారు. విదేశీ కొనుగోలుదారు భద్రతా రిపోర్టు అడిగాడట. "సాయంత్రానికి పంపాలండి. అంతా పచ్చగా ఉంటే ఆర్డరు మనదే," అన్నారు.

పంటు మీది పెద్దాయన అక్కడి వాచ్‌మన్ సత్యం గారే. హాలు వెనక తలుపు ఆయనే చూపించారు. తాళం కప్ప ఉందా? ఉంది. తాళంచెవి బాధ్యతగల మనిషి దగ్గర ఉందా? ఉంది. పచ్చ చుక్క పడింది.

మధ్యాహ్నం ప్రసాద్ గారు హాల్లో కట్టలు చూస్తున్నారు, నేను కెమెరాలు చూస్తున్నాను. మాడు వాసన వచ్చింది.

"అమ్మో, పొగ!" అని ఎవరో అరిచారు. ఇస్త్రీ పెట్టె కింద బట్ట అంటుకుంది. ముందు తలుపుకు వెళ్ళే దారిలో సగం నూలు బేళ్ళే. ఇద్దరు వెనక తలుపుకి పరుగెత్తి లాగారు. అది కదల్లేదు. ఇస్త్రీ చేసే మరియమ్మ గారు ప్లగ్గు పీకి, బట్టను నేలమీదికి లాగి, చెప్పులతో తొక్కి ఆర్పేసింది.

"తాళం తీయించండి," అన్నాను.

"చెవి గోదావరి దాటేసిందండి," అంది మరియమ్మ గారు. "సత్యం బాబాయ్ అన్నానికి ఇంటికెళ్ళాడు. పంటు దొరికితే వస్తాడు."

"రోజూ ఇంతేనా?"

"రోజూనండి. అన్నం మానేయమంటామా?"

అందరూ నవ్వారు. ట్యాబ్‌లో ఆ తలుపు ఇంకా పచ్చగానే ఉంది. జవాబు మార్చాను. ఎర్ర చుక్క పడింది.

ప్రసాద్ గారు చూశారు. "ఒక్క చుక్క కోసం ఆర్డరు పోగొడతారా మేడమ్? పోతే ఇంట్లో కూర్చునేది వీళ్ళే కదండీ?"

నవ్వులు ఆగిపోయాయి. ముప్ఫై మంది నావైపే చూస్తున్నారు. "ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకునేదాకా నేను రిపోర్టు పంపనండి," అన్నాను. చివరి మాట నాకే సరిగా వినపడలేదు.

"సరుకు పోతే ఎవరిది పూచీ?"

ఆ మాటకు మరియమ్మ గారు తలెత్తింది. "మమ్మల్ని దొంగలనుకుని వేశారు తాళం. ఇందాక మీరూ లోపలే ఉన్నారు కదండీ ప్రసాద్ గారూ?"

ఆయన మాడిన బట్ట వైపు, వెనక తలుపు వైపు చూశారు. తర్వాత ఫోను తీసి వడ్రంగిని పిలిచారు.

మూడింటికి సత్యం గారు వచ్చి తలుపు తీశారు. చాలాకాలానికి తెరుచుకున్నట్టుంది, కింద పేరుకున్న దుమ్ములో గచ్చు మీద గీత పడింది. వడ్రంగి లోపలివైపు గడియ బిగించాడు. మధ్యాహ్నం చూసింది ఎరుపుగానే ఉంచి, కింద గడియ ఫోటో జతచేసి రిపోర్టు పంపాను. ఆర్డరు సంగతి ఇంకా తెలియలేదు. తెలిసేదాకా ఆ ముప్ఫై ముఖాలు నన్ను వదలవు. పటం మీద పచ్చరంగు చూస్తే ఇప్పుడు నాకు ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే, లోపల ఎవరున్నారని.

ఇటు వెళ్ళేవాళ్ళు చివరి పంటు ఎప్పుడో పొద్దున దిగగానే రేవులో అడిగి పెట్టుకోండి. గాలి ఎక్కువైతే ముందే ఆపేస్తారు. నేను చివరిదే ఎక్కాను, సత్యం గారితో పాటు. ఆయన చెయ్యి రెండు మూడుసార్లు నడుము దగ్గరికి వెళ్ళి ఊరికే వచ్చేసింది. మళ్ళీ ఎవరూ వేయకుండా అడిగి తెచ్చుకున్న తాళం కప్పా, చెవీ నా బ్యాగులో ఉన్నాయి.