ముగ్గులో గేరుబాక్సు

1980 అక్టోబరు 13, సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా ఆయన స్పానరు పట్టుకొని లారీ కిందికి దూరాడు. అప్పటికి మా పెళ్లయి 163 రోజులు. ఆ 163 రోజుల్లో ఆయన ఇంట్లో ఉన్నది 41 రోజులు. మిగతా రోజులన్నీ బొంబాయి లైనులో, ఇంకొకరి బండి మీద డ్రైవరుగా గడిచాయి. ఈ లెక్క నేనెవరికీ చెప్పలేదు, క్యాలెండరు మీద చిన్న గీతలు పెట్టుకునేదాన్ని, అంతే. ఆ రోజుల్లో కొత్త కోడలు మొగుడు ఇంటిపట్టున ఉండాలని నోరు తెరిచి అడిగితే వింతగా చూసేవాళ్లు. బండి బాగవ్వాలని అడిగితే మాత్రం తెలివిగల పిల్ల అనేవాళ్లు. నేను బండి బాగవ్వాలని అడిగాను.

ఆ బండి ఆయన సొంతానికి కొన్న పాత లారీ. ఇప్పుడు గేర్లు తమంతట తామే మారే లారీలు వచ్చాయని మా మనవడు చెబుతుంటాడు. మాది తనంతట తానే జారిపోయే గేరు. రెండో గేరులో వేస్తే, వేసిన మనిషి చెయ్యి తీయగానే బయటికి వచ్చేసేది. దానికి తోడు వెనుక ఇరుసులో నుంచి పప్పు విసిరినట్టు చప్పుడు. మా ఊరికి బోధన్ ఏడు కిలోమీటర్లు. చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు చెరకు తోలే లారీలను సీజనుకు ముందు ఒకరోజు చూసి నంబర్లు ఇచ్చేవాళ్లు. ఆ సంవత్సరం ఆ రోజు 21వ తేదీ మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు లోపల. నంబరు వస్తే సీజనంతా ఇక్కడే చెరకు తోలుకుంటూ రోజూ ఇంటికి రావచ్చు. రాకపోతే మళ్లీ బొంబాయి లైనే. నిజామాబాదులో లారీలు బాగుచేసే ఉస్తాదును అడిగితే తన ముందు పదకొండు బండ్లున్నాయని, దసరా పోయాక పదిహేను రోజులకు చూస్తానని అన్నాడట. మా ఆయన ఇంటికి వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "నేనే ఇప్పుత. నువ్వు రాయి."

ఆయన క్లీనరుగా ఉన్నప్పుడు గేరుబాక్సు విప్పుతుంటే మూడుసార్లు పక్కన నిలబడి చూశాడు. (పక్కన నిలబడి దీపం పట్టుకున్నాడు అనడం ఇంకా సరిగ్గా ఉంటుంది.) నేను మెట్రిక్ పాసయ్యాను, లెక్కల్లో నూటికి 88. ఇద్దరి చదువూ కలిపితే ఒక మెకానిక్ అవుతాడని మా నమ్మకం. విప్పిన సామాను కలిసిపోకుండా ఉండడానికి ఉపాయం మాత్రం పూర్తిగా నాదే. వాకిట్లో వరిపిండితో పెద్ద ముగ్గు వేశాను, నిలువుకు పదహారు, అడ్డానికి పధ్నాలుగు, మొత్తం 224 గళ్లు. లారీ ముఖం రోడ్డు వైపు ఉంది. నేను గడపకు వీపు పెట్టి, లారీ చూసే వైపే చూస్తూ నిలబడి గీశాను. బండి ఎడమవైపు సామాను నా ఎడమ గళ్లలో, కుడివైపుది కుడి గళ్లలో. ప్రతి గడిలో ఒక నంబరు, అదే నంబరు నోట్‌బుక్కులో, పక్కన వస్తువు ఎలా ఉందో నాలుగు మాటలు. ఆయన కింద నుంచి చెయ్యి చాపి ఒక్కొక్కటే ఇచ్చేవాడు, నేను అడిగి రాసుకునేదాన్ని. ఎప్పుడూ విసుక్కోని మనిషి ఆ రోజు రెండుసార్లు విసుక్కున్నాడు. రెండూ రాసి ఉన్నాయి. సాయంత్రానికి మొత్తం 212 వస్తువులు తేలాయి. పన్నెండు గళ్లు ఖాళీగా మిగిలాయి.

మా అత్తమ్మ అరుగు మీద కూర్చొని బీడీలు చుడుతూ ఇదంతా చూసింది. ఆమెకు బండి మీద కోపం లేదు, నా మీదా లేదు. తెల్లవారి పేడనీళ్ల సాన్పు చల్లకుండా వాకిలి ఎండిపోయి ఉండడం మీదే కోపం. మంగళవారం ఊరుకుంది. బుధవారం సామాను చుట్టూ తిరిగి అంచుల్లో మాత్రం చల్లింది. గురువారం పక్కింటావిడ వచ్చి, పండుగ పూట వాకిట్లో ఇనుము పరిచారేమిటని అడిగి వెళ్లింది. ఆ మాటతో శుక్రవారం తెల్లవారి ఐదు గంటలకు అత్తమ్మ నన్ను లేపింది. మా ఆయన కొత్త బేరింగుల కోసం నిజామాబాదు వెళ్లి ఇంకా రాలేదు. బతుకమ్మ రోజులు, అందునా శుక్రవారం, ఎండిన వాకిలితో తాను పొయ్యి వెలిగించనని తేల్చి చెప్పింది. నేను నోట్‌బుక్కు ఉంది కదా అని ధైర్యంగా ఒప్పుకున్నాను. ఇద్దరం కలిసి 212 వస్తువులనూ నంబరు ప్రకారం గోనె సంచుల మీదికి చేర్చాం. అన్నిటికన్నా బరువైంది వెనుక ఇరుసు మధ్యలో, ఎడమ పక్కకు ఉండే పెద్ద పళ్ల చక్రం, దాన్ని క్రౌన్ అంటారు. దాన్ని పిల్లను నడిపించినట్టు దొర్లించాం. అత్తమ్మ సాన్పు చల్లింది. నేను ముగ్గు డబ్బా తీసుకొని ఎప్పటిలాగే గడపకు వీపు పెట్టి వంగాను.

"ఏందే బిడ్డా, పండుగ పూట గడపకు ఈపు పెట్టి ముగ్గేస్తరా? లచ్చిమి ఎటునుంచి రావాలె?"

లచ్చిమి రోడ్డు వైపు నుంచే రావాలి. కనుక నేను రోడ్డు వైపు వెళ్లి, ఇంటి వైపు ముఖం పెట్టి, మళ్లీ 224 గళ్లు గీశాను. గీతలు మొదటిసారి కన్నా తిన్నగా వచ్చాయి. నోట్‌బుక్కు చూసుకుంటూ, ఎడమ అని రాసిన వాటిని నా ఎడమకు, కుడి అని రాసిన వాటిని నా కుడికి పెట్టాను. రెండుసార్లు సరిచూశాను. ఒక్క నంబరు తప్పలేదు. (పుస్తకంలో తప్పు లేదని ఈ రోజుకీ అంటాను. తప్పు నేను నిలబడ్డ చోటులో ఉంది.)

మధ్యాహ్నం మా ఆయన బేరింగులు తెచ్చాడు. వాకిలి శుభ్రంగా ఉందని సంతోషించి పని మొదలుపెట్టాడు. శుక్రవారం సగం పూట, శనివారం పూర్తిగా బిగించాడు. ఆదివారం దసరా, స్పానర్లు, పానాలు పనికి ముట్టుకోకుండా వాటికి పసుపు కుంకుమ పెట్టాం. సోమవారం మిగతాది. నేను నంబరు చదవడం, ఆయన గడపకు వీపు పెట్టి నిలబడి ఎడమవైపుది ఎడమకు, కుడివైపుది కుడికి ఎక్కించడం. తరువాత తెలిసింది ఏమిటంటే, ఆ సామానులో చాలా వస్తువులు అటు ఇటు మారినా తేడా లేనివి, లేదా తప్పు వైపు పెడితే ఎక్కనే ఎక్కనివి. ఎక్కనివాటిని ఆయన నాలుగు తిట్లు తిట్టి రెండో వైపు ఎక్కించాడు. ఆ పాత బండిలో ఒక్క క్రౌన్ మాత్రం ఏ వైపు పెట్టినా బుద్ధిగా కూర్చుంటుంది. కూర్చుంది.

సోమవారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు ఇంజను స్టార్టయింది. రెండో గేరు జారలేదు. పప్పు విసిరే చప్పుడు లేదు. మా ఆయన నన్ను చూసి నవ్వి, ముందుకు పోదామని మొదటి గేరు వేసి క్లచ్చు వదిలాడు. లారీ మెల్లగా, ఎంతో మర్యాదగా వెనక్కి వచ్చింది. నీళ్ల గోలెం పగిలింది. అత్తమ్మ అరుగు మీద కాళ్లు పైకి తీసుకొని, "బండి ఇంట్లకు వస్తుందిరా, జరంత చెప్పులిడిచి రమ్మను" అంది. ఆయన రెండో గేరు వేశాడు. వెనక్కే. మూడు, వెనక్కే. చివరికి రివర్సు వేస్తే ముందుకు కదిలింది. నాలుగు గేర్లు వెనక్కి, ఒక్కటి ముందుకు.

ఆయన దిగి వెనుక ఇరుసు కింద తల పెట్టి చూశాడు. నేను నోట్‌బుక్కు తెరిచాను, ముగ్గు చూశాను, గడప చూశాను.  నా ఎడమ బండికి కుడి అయిందని, క్రౌన్ తప్పు వైపు కూర్చొని చక్రాలను ఎదురు తిప్పుతోందని ఆయనకు వెంటనే చెప్పాను, తారీఖు, గంటతో సహా. ఆయన కోప్పడలేదు. క్రౌన్ మళ్లీ విప్పి పెట్టడానికి రెండు రోజులు పడుతుందని, మా దగ్గరున్నది ఒక్క పూట అని అన్నాడు. ఆ మాట ఆయన బొంబాయి పోయే ముందు సంచి సర్దుకునే గొంతుతో అన్నాడు. నేను లోపలికి వెళ్లి దీపం తుడిచాను. అవసరం లేకున్నా తుడిచాను.

మంగళవారం ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు బయలుదేరాం. మొదట రివర్సు గేరులో ముందుకు వెళ్లాం. కిలోమీటరు లోపే ఇంజను గోలపెట్టి నీళ్లు మరిగాయి. చల్లారేదాకా ఆగి, చెరకు మడి పక్కన బండి తిప్పి, తోక బోధన్ వైపు పెట్టి, మొదటి గేరులో వెనక్కి నడపడం మొదలుపెట్టాం. నేను బాడీలో వెనుక పలక పట్టుకొని నిలబడి దారి చెప్పాలి. నేను చూసేది ఒక వైపు, ఆయన చూసేది ఇంకో వైపు. మొదటి మలుపు దగ్గర "ఎడమకు" అని అరిచాను.

"ఎవరి ఎడమ?" అని ముందు నుంచి వినిపించింది.

"నీ ఎడమ," అన్నాను. నాలుగు రోజులు ఆలస్యమైనా నేర్చుకున్నాను.

దారిలో ఎడ్లబండి తోలుకొస్తున్న ముసలాయన బండి ఆపి, "ఏమన్న, ఏదన్న మరిచిపోయి మర్లొస్తున్నవా?" అని అడిగాడు. మా ఆయన కిటికీలో నుంచి తల బయటపెట్టి, "అవునే, ఇల్లు మరిచిపోయిన" అన్నాడు. పదకొండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు ఫ్యాక్టరీ గేటులో తోక ముందుగా ప్రవేశించాం. అక్కడ మిగతా డ్రైవర్లు చెరకు దించే అరుగు దగ్గరికి వెనక్కి తీయడానికి మూడేసి సార్లు అవస్థ పడుతున్నారు. మాది ఒక్కసారికే వెళ్లి ఆనుకుంది. ఎవరో శభాష్ అన్నారు కూడా.

లారీలు చూసే ఆఫీసరు తల నెరిసిన మనిషి. బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, ముందుకు తీయమన్నాడు. మా ఆయన రివర్సు వేశాడు, బండి ముందుకు వెళ్లింది. ఆఫీసరు చూపు బండి మీద లేదు, గేరు రాడ్డు మీద ఉంది. దిగమన్నాడు. ఏం జరిగిందని అడిగాడు. మా ఆయన చేతులు కట్టుకొని, క్రౌన్ తానే తిప్పి పెట్టానని, తప్పంతా తనదేనని చెప్పాడు.

నేను అక్కడ ఊరుకోవాల్సింది. టైము పదకొండు నలభై, నంబరు ఇంకా రాయలేదు, ఆ నంబరులో నా సీజనంతా ఉంది. కానీ తప్పుగా నమోదవుతున్న సంగతిని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

"ఆయన కాదు సార్. నేను. పదిహేడో తారీఖు, శుక్రవారం, పొద్దుగాల ఏడున్నరకు, ఇంటి దిక్కు ముఖం పెట్టి సామాను పెట్టిన," అన్నాను.

మా ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు నన్ను చూసి, చేతిలో నోట్‌బుక్కు చూసి, అది ఇమ్మన్నాడు. నిలబడే చదివాడు, నంబరు ఒకటి నుంచి. మధ్యలో ఒకచోట పెదవి కదిలింది, బహుశా విసుక్కున్నది రాసిన చోట. చివరిదాకా తిప్పి అడిగాడు: "రెండు వందల పన్నెండుల మిగిలినయెన్ని?"

"ఒక్కటి మిగల్లే సార్."

"ఉస్తాదులు ఇప్పిన ప్రతి బండిల గుప్పెడు మిగులుతయి," అని ఆయన బల్ల దగ్గరికి నడిచాడు. "శుక్రవారం లోపట చక్కగ పెట్టుకొని మళ్ల వచ్చి చూపెట్టుండ్రి. ఎటు చూసుకుంట నిలబడి ఇప్పుతరో, అటే చూసుకుంట బిగించుండ్రి." పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకు మా బండికి నంబరు రాశాడు.

పోయినవి ఇవి. నీళ్ల గోలెం ఒకటి. గేరు నూనె ఆరు లీటర్లు. వరిపిండి రెండు సేర్లు. కిరోసిన్ అంటి పనికిరాకుండా పోయిన చీర ఒకటి. నోట్‌బుక్కులో చివరి రెండు పేజీలు: తన వర్క్‌షాపు వాళ్లకు చూపిస్తానని ఆఫీసరు అడిగి చింపుకున్నాడు. అందుకే ఆ పుస్తకంలో 187 నుంచి 212 దాకా ఈ రోజుకీ లేవు. అక్కడే నిలబడి ఇంకో కాగితం మీద ఎక్కించుకొని ఇవ్వాల్సింది, అరగంట పని. ప్రతిదీ రాసి పెట్టుకునే ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఆ ఒక్క రోజు రాసుకోలేదు. ఆమెకు మొగుడితో కలిసి ఇంటికి పోవాలని తొందరగా ఉంది.